పిలుపు వాపసు

నవంబరు 2, సోమవారం

తాయారూ, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తుపానుకి ముందు తప్పకుండా వాచి ఉంటాయి. నావి వాచాయి కాబట్టి అడుగుతున్నాను. మరిదిగారికి దగ్గు తగ్గిందా, పొద్దున్నే ఇంకా ఆ గురగుర ఉందా? రాంబాబు నడుము ఎలా ఉంది? నాచు మూటలు ఎత్తవద్దని చెప్పు. వాడు వినడు, అయినా చెప్పు. జ్యోతికి కళ్ళు తిరగడం పోయిందా? చిన్నది సునందకి పళ్ళు ఊడుతున్నాయని రాశావు, రక్తం ఎక్కువ రావడం లేదు కదా? మీ మేక ఈనిందా? మీ పదకొండో తెప్పని నీళ్ళ మీద నిలిపే డ్రమ్ములన్నీ క్షేమమేనా? పడవలో వచ్చి పోయే ఈ కుశల పుస్తకంలో ముందు అవతలి ఇంటివాళ్ళ ఆరోగ్యం పేరుపేరునా అడిగి, తర్వాతే మన సంగతులు రాయాలని రూలు. రూలు లేకపోయినా నేను అడిగేదాన్నే. అడగకపోతే నాకు ముద్ద దిగదు.

ఇక్కడ భూలక్ష్మికి చేతుల నిండా ఉప్పు పుళ్ళు. నా కూతురు కదా, మందు రాసుకోమంటే నన్నే కసురుతుంది. మనవరాలు హైమకి ఎనిమిదో నెల. కాళ్ళకి నీరు పట్టింది. దాని మొగుడు ప్రభుదాసు ఉప్పు మిషను దగ్గర రెండు పూటలా పని చేస్తున్నాడు. మా ఇంటి కింద ఏదో గుడగుడమంటోంది తాయారూ. ఎవరికీ వినపడటం లేదట, నాకే వినపడుతోంది.

ఇప్పుడు అసలు సంగతి.

పొద్దున రేవులో నాచు బుట్టలు కడుగుతున్నాను. పక్కన ముప్ఫై తొమ్మిదో ఇంటి గంగాభవాని కూడా ఉంది. తుపాను వెలిసిందే గానీ సముద్రం ఇంకా ఎర్రగా కలగిపోయి ఉంది. దూరంగా నీలం డ్రమ్మొకటి కొట్టుకొస్తోంది. దాని మీద గోనె పట్టా అనుకున్నాను. ఆ పట్టా చెయ్యి ఎత్తింది. ఇంకో రెండు అలలైతే మా రేవు దాటి కొట్టుకుపోయేవాడు. నా చేతికి లంగరు తాడు దొరికింది, విసిరాను. అతను చూడటం లేదు, తల వాల్చేశాడు. అరిచాను.

"తమ్ముడూ! తాడు పట్టుకో తమ్ముడూ!"

గంగాభవాని తడి చేత్తో నా నోరు మూసింది. "ముసలిదానా, ఏం కూశావే! పేరు తెలీకపోతే ఓయ్ అనలేవా?"

అప్పటికే అయిపోయింది. రేవు స్తంభానికి పిలుపులు విని పలకకి ఎక్కించే చెవి ఉంటుంది కదా, దాని పక్కన పచ్చ దీపం వెలిగింది. అతను తాడు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసే లాగాం. లాగుతున్నంతసేపూ గంగాభవాని నన్ను తిడుతూనే ఉంది.

నవంబరు 3, మంగళవారం

రాత్రంతా మా ఇంటి జాగాలు వేళ్ళ మీద లెక్కపెడుతూ కూర్చున్నాను. కారణం నీకు తెలుసు. నీళ్ళలో ఉన్న ఊరులేని మనిషిని వరస పెట్టి పిలిచి ఒడ్డెక్కిస్తే, అతను పిలిచినవాళ్ళ ఇంటి మనిషి. ఇది పదమూడు తెప్పలకీ ఒకటే. తెప్పలు కట్టిన పెద్దలు, మనవాళ్ళు తెలియనివాణ్ణి కూడా అన్నా అనీ బాబాయ్ అనీ పిలవడం చూసి మురిసిపోయి ఈ చట్టం పెట్టారట. ఆ చట్టం వచ్చినప్పటి నుంచే కదా మన నోళ్ళు కట్టుబడిపోయాయి! ఇదివరకు గంగాభవాని నన్ను వదినా అనేది. ఇప్పుడు "ముప్ఫై ఎనిమిదో ఇంటావిడా" అంటుంది. హైమ కూడా ఇంట్లో అమ్మమ్మా అంటుంది, రేవులో నాంచారమ్మగారూ అంటుంది. సొంత మనవరాలికి ఏ భయమూ లేదు, అయినా అలవాటైపోయింది. ఇరవై ఏళ్ళుగా జాగ్రత్తగా ఉన్నాను, ఇప్పుడు నా నోరు జారింది.

మా ఇంటికి ఐదు జాగాలు, అంటే ఐదుగురికే చోటు, నీళ్ళు. నలుగురం ఉన్నాం. ఐదోది హైమ కడుపులో ఉన్న బిడ్డకి అట్టిపెట్టాం. తొమ్మిదో నెల పడేలోపు ఆ జాగా ఖాళీగా ఉందని చూపిస్తేనే పురుడు ఇంట్లో. లేదంటే తల్లీబిడ్డా బాలింతల ఓడకి పోవాలి, ఎక్కడో ఒకచోట జాగా ఖాళీ అయ్యేదాకా. గంగాభవాని కోడలు అక్కడ రెండేళ్ళు ఉంది. తిరిగొచ్చిన పిల్లాడు కన్నతండ్రిని చూసి జడుసుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం చట్టం పంతులు సుదర్శనంగారు వచ్చారు. ఆయన మా సభకి పెద్ద కూడా. గడపలో నిలబడి పలక చూసి చదివారు.

"నాంచారమ్మగారూ, మీ ఇంటి ఐదో జాగాలో నిన్నటి తారీఖుతో మీ తమ్ముడు ఎక్కాడు. తొమ్మిది రోజుల్లో పిలుపు వాపసు తీసుకోవచ్చు. పదో తారీఖున సభలో అతని ఎదురుగా నిలబడి, ఇతను నాకు ఏమీ కాడు అని మీ నోటితో అనాలి."

"అంటే?"

"అంటే జాగా మీకు తిరిగొస్తుంది."

"అతన్నేం చేస్తారు?"

ఆయన పలక తుడుచుకున్నారు. "చిన్న పడవ ఇస్తాం. మూడు రోజుల నీళ్ళిస్తాం."

ఈ వాపసు మాత్రం మా నాలుగో తెప్ప సొంత తెలివి. మీ దగ్గర లేదు. ఇప్పటిదాకా తొమ్మిది మందిని అలా పంపారు. ఒక్కరి కబురూ తిరిగి రాలేదు.

అతని పేరు దాలయ్య. పడవలకి కలపాతు వేసేవాడట, అదే, చెక్కల సందుల్లో పీచు కూరి కీలు పూసే పని. మాట ఉత్తరాది యాస. గంజి తాగుతుంటే భూలక్ష్మి అడిగింది.

"ఏ ఊరు మీది?"

"ఏ ఊరని సెప్పను తల్లీ? పుట్టిన ఊరు మునిగిపోనాది. పెరిగిన ఊరు మునిగిపోనాది. తరవాత ఏ రేవులో అడిగినా ముందు ఏ ఊరంటారు. ఇప్పుడు మీరూ అదే అడిగినారు."

భూలక్ష్మి ఇంకో గరిటె గంజి పోసింది. అది దయతో పోసిందో, మాట మార్చడానికి పోసిందో నాకు తెలియలేదు.

నవంబరు 5, గురువారం

అతనికి వాపసు సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాలి. నిన్న చెబుదామనుకున్నాను. నిన్న అతనికి జ్వరం. ఇవాళ జ్వరం లేదు, నాకు ధైర్యం లేదు.

నీళ్ళ వరసలో గంగాభవాని చెప్పేసింది.

"ఏమయ్యోయ్, కొత్త చుట్టమా! ఆ బిందె కాస్త జాగ్రత్తగా పట్టుకో. మంగళవారం దాకే కదా నీకా బిందె."

"మంగళారం ఏటి తల్లీ?"

"మీ అక్క చెప్పలేదా? చెప్పదు. నేను దాని పక్కింట్లో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నా. తేలు కుట్టినా మూడు రోజులకి గానీ చెప్పదు, అవతలివాళ్ళు కంగారు పడతారని." తర్వాత వరసంతటికీ వినపడేటట్టు మొత్తం చెప్పింది.

నేను అక్కడే ఉన్నాను. నా బిందె నిండి పొర్లిపోతోంది, కొళాయివాడు అరుస్తున్నాడు, నాకు వినపడటం లేదు. దాలయ్య నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. కొళాయి కట్టేసి, రెండు బిందెలూ తనే ఎత్తుకుని నడిచాడు. గడప దగ్గర బిందెలు దించి అన్నాడు.

"మీ ఇంటి కింద మూడో డ్రమ్ము కారతంది. గుడగుడ ఇనపడతాంది. సూస్తాను."

గుడగుడ! తాయారూ, నేను నెల రోజులుగా మొత్తుకుంటుంటే ఎవరైనా విన్నారా?

నవంబరు 6, శుక్రవారం

ఇవాళ ముసలివాళ్ళకి చట్టం బడి. మానేస్తే ఇంటికి మాట వస్తుంది. వెళ్ళాను. సుదర్శనంగారు బొగ్గుతో నేల మీద సున్నాలు గీశారు. నడిమి సున్నా నువ్వు. దాని చుట్టూ ఇల్లు, దాని చుట్టూ చుట్టాలు, తర్వాత వీధి, తెప్ప, అన్నిటికీ బయట లోకం. ఇవన్నీ రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు దేశపు పెద్దలు చెప్పినవట. బయటి సున్నాలో ఉన్నవాణ్ణి ఒక్కొక్క గీతా దాటించి లోపలికి లాక్కోవడమే మనిషి చేయాల్సిన పని అని వాళ్ళలో ఒకాయన చెప్పాడట. పెద్దనాన్నని నాన్నా అనాలి, దాయాదిని అన్నా అనాలి, అప్పుడు దూరం తగ్గుతుందట. ఈ ముక్క చెప్పడానికి గ్రీకు దేశం నుంచి రావాలా? మనం పాలమ్మేవాణ్ణి కూడా బాబాయ్ అనేవాళ్ళం.

ఇంకొకాయన ఇల్లు లేకుండా పెద్ద బానలో కాపురం ఉండేవాడట. నీదే ఊరని అడిగితే, నాది లోకం అన్నాడట. అది విని నాకు దాలయ్యే గుర్తొచ్చాడు. చెయ్యెత్తాను. బడిలో నేను చెయ్యెత్తడం ఇదే మొదలు.

"పంతులుగారూ, ఆయన మన రేవుకొచ్చి ఆ మాటంటే మనం ఏం చేస్తాం?"

అందరూ నవ్వారు. గంగాభవాని, "బానలో మూడు రోజుల నీళ్ళు పోసి పంపిస్తాం," అంది. ఇంకా నవ్వారు.

సుదర్శనంగారు నవ్వలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు తాయారూ, అదే నా బాధ. ఇంకో పెద్దాయన కథ చెప్పారు. ఆయనకి ఊరు విషం తాగే శిక్ష వేసిందట. తప్పు చేయకుండానే. స్నేహితులు వచ్చి పారిపొమ్మంటే పోనన్నాడట. ఇన్నేళ్ళు ఈ ఊరి చట్టం నీడన పెరిగాను, నాకు నచ్చినప్పుడు ఒప్పుకుని, నచ్చనప్పుడు దాటేస్తే ఊరు నిలుస్తుందా అన్నాడట. తాగి చనిపోయాడు.

"చట్టం డ్రమ్ములాంటిదమ్మా. ఒక్కరి కోసం చిల్లు పెడితే అందరం మునుగుతాం," అన్నారు.

నేను కూర్చున్నాను. ఆయన చెప్పింది తప్పని అనలేను. ఇంటికొచ్చాక తోచింది, ఆ పెద్దాయన తాగింది తన విషం. ఇంకొకడికి తాగించలేదుగా. బడిలో ఉండగా తోచి చావదు నాకు.

నవంబరు 8, ఆదివారం

భూలక్ష్మి పొద్దున నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి గట్టిగా మాట్లాడింది. దాలయ్య నీళ్ళ కింద మూడో డ్రమ్ము దగ్గర ఉన్నాడు.

"అమ్మా, అది నాలుగు మాటలు. ఇతను నాకు ఏమీ కాడు. అను."

"ఇప్పుడెందుకే?"

"మంగళవారం నువ్వు తడబడతావు, నాకు తెలుసు. కళ్ళు మూసుకుని అనెయ్యి. అబద్ధం కూడా కాదుగా. ఏమవుతాడు నీకు?"

అన్నాను. కుండ వైపు చూసి అన్నాను. మొదటిసారి నోరు ఎండిపోయింది. రెండోసారి వచ్చింది. మూడోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వచ్చేసరికి నాకు భయం వేసి లేచిపోయాను.

హైమ గోడకి ఆనుకుని అంతా వింటోంది. దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుని చూశాను, వాపు మోకాలిదాకా వచ్చింది.

"నువ్వు చెప్పవే తల్లీ. నీ బిడ్డ జాగా అది. నువ్వు చెప్పినట్టు చేస్తాను."

"నన్నడక్కు అమ్మమ్మా."

"నిన్ను కాకపోతే ఎవర్నడగనే?"

"నువ్వు వాపసు తీసుకుంటే ఆ జాగాలో ఉయ్యాల కడతాను. కట్టిన ప్రతిసారీ అతను గుర్తొస్తాడు. తీసుకోకపోతే నేను ఓడెక్కాలి. ప్రభుని వదిలి ఉండగలనా? ఉండలేను. రెండూ నా చేతే చెప్పించుకుని నువ్వు హాయిగా ఉందామనుకుంటున్నావా?"

అది ఎన్నడూ నన్ను అంత మాట అనలేదు. అని, తనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ప్రభుదాసు అన్నం తినకుండానే పనికి వెళ్ళిపోయాడు. గుడగుడ మాత్రం ఆగింది. దాలయ్య పైకొచ్చి తల తుడుచుకుంటూ, మీ డ్రమ్ముకి ఇంక పదేళ్ళు డోకా లేదన్నాడు. తను పదేళ్ళు ఇక్కడే ఉంటాడన్నట్టు కాదు, ఉత్తినే, పనివాడు చెప్పినట్టు చెప్పాడు.

నవంబరు 9, సోమవారం

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఈ పుస్తకం నీ ఒక్కదాని కంట పడితే చాలు, రాంబాబుకి చూపించకు.

పొద్దున దాలయ్య తన చొక్కా మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. అతనికున్న ఆస్తి అదే.

"నానెల్లిపోతాను. మీరు సబలో ఏటీ అనక్కర్లేదు. ఆ పడవేదో ఇవాళే ఇచ్చీమనండి. ఆ మాట మీ నోట ఇనడం కన్నా సముద్రమే నయం."

నేను ఏమనాలి? ఉండు అనాలి. లేదా పద అనాలి. నేను, "రేపు చూద్దాం, ముందు కాస్త తిను," అన్నాను. డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చాయి నాకు.

అతను తిన్నాడు. తింటూ తన సంగతి చెప్పాడు. ఆ డ్రమ్ము మీద నాలుగు రోజులున్నాడట. మాకంటే ముందు రెండు తెప్పల పక్కగా కొట్టుకొచ్చాడట. రెండింట్లోనూ మనుషులు రేవులో నిలబడి చూశారట. ఒక తెప్పలో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట.

"ఏడుస్తంది అనుకున్నాను. కాదు. నోరు జారకండా మూసుకుంది."

అన్నం చెయ్యి కడుక్కుని, "మీరు నన్ను పిలిసినప్పుడు నాను సచ్చిపోయి మా అప్ప కాడికి ఎల్లిపోయాననుకున్నాను," అన్నాడు. వాళ్ళ యాసలో అప్ప అంటే అక్క. ఆవిడ పోయి పన్నెండేళ్ళయిందట. అక్కతో పాటు ఇంకో చెల్లెలు ఉండేదట, పెద్దావిడ ఎవరినైనా తమ్ముడని ఇంట్లోకి తెస్తే, చిన్నది పేచీ పెట్టకుండా అన్నయ్యా అని కంచం వేసేదట. "ఒకళ్ళకి తమ్ముడైతే రెండోవోళ్ళకి ఏటీ కాకండా పోతాడా?" అని నవ్వాడు.

అతను మామూలుగా అన్న మాటే. నేను మాత్రం పొద్దంతా ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను.

నవంబరు 10, మంగళవారం

సభ అయింది. వరసగా రాస్తాను, తప్పుంటే క్షమించు.

సుదర్శనంగారు ఎత్తు బల్ల మీద. దాలయ్య ఎదురుగా నిలబడ్డాడు, చొక్కా వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని. చెవి మధ్యలో ఉంది. నా వెనక భూలక్ష్మి నా వీపు మీద చెయ్యి వేసింది, ఆసరాగా కాదు, తొయ్యడానికి. హైమ రాలేదు.

"నాంచారమ్మగారూ, పిలుపు వాపసు తీసుకుంటున్నారా?"

నోరు తెరిచాను. కుండ ముందు తేలిగ్గా వచ్చిన మాట ఉంది, నాలుక మీదే ఉంది. అతను నా మొహం చూడటం లేదు, నా కాళ్ళు చూస్తున్నాడు. నేను నిలబడలేనేమో, పడితే పట్టుకోవాలని చూస్తున్నాడు తాయారూ.

"పంతులుగారూ, ముందు ఒక్కటి అడగాలి. ఇతను నాకు తమ్ముడని మీ పలకలో ఉందా?"

"ఉంది. వాపసు తీసుకునేదాకా ఉంది."

"మరి నా తోడబుట్టినవాడైతే నా చెల్లెలికి ఏమవుతాడు?"

సభలో గుసగుస. "ఈవిడకి మతి పోయింది," అంది గంగాభవాని.

"నాకొక చెల్లెలుంది. పదకొండో తెప్పలో తాయారు. సొంత చెల్లెలు, ఒక కడుపున పుట్టాం. నాకు తమ్ముడైనవాడు దానికి అన్నో తమ్ముడో కావాలి కదా? మీరు శుక్రవారం సున్నాలు గీశారు. ఇల్లు దాటితే చుట్టాలు అన్నారు, చుట్టాలు దాటితే తెప్ప అన్నారు, తెప్ప దాటితే లోకం అన్నారు. ఇతన్ని నా ఇంట్లో ఇరికించి అక్కడితో గీత ఆపేశారేం? ఇది న్యాయమా?"

భూలక్ష్మి నా వీపు మీద చెయ్యి తీసేసింది.

సుదర్శనంగారు కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు. "అట్టా ఎవరూ అడగలేదమ్మా," అన్నారు. పెద్ద ఒడంబడిక తెప్పించారు, అదే, పదమూడు తెప్పలకీ కలిపి రాసిన పుస్తకం. చదువుతూనే ఉన్నారు. ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఏడ్చారు. ఎవరో వెళ్ళిపోతుంటే గంగాభవాని కూర్చోమని కసిరింది. ఎందుకు కసిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి చదివారు. రెండు తెప్పల్లో తోడబుట్టినవాళ్ళున్న మనిషిని ఏ ఒక్క ఇంటి జాగాలోనూ లెక్కించరాదు, ఆరు నెలలు ఒక తెప్ప, ఆరు నెలలు ఇంకో తెప్ప, అతని నీళ్ళు పదమూడు తెప్పల ఉమ్మడి బానలోంచి ఇవ్వాలి, ఎందుకంటే అతను లోకం మనిషి. పడవ నడిపేవాళ్ళ కోసం ఎప్పుడో రాశారట.

"అది పడవవాళ్ళకి!" అని ఎవరో అరిచారు.

"పడవవాళ్ళకే అని ఇందులో లేదు," అన్నారు సుదర్శనంగారు. ఆయన గొంతు సంతోషంగా లేదు. "నాకు నచ్చినా నచ్చకపోయినా ఇది చట్టం. పోయిన శుక్రవారం మీకు ఏం చెప్పానో, ఇవాళ నాకూ అదే వర్తిస్తుంది."

ఆ మాటకి ఆయన కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది. అంతలోనే ఆయన వేలెత్తారు.

"అయితే నాంచారమ్మగారూ, ఆ చెల్లెలు తన రేవులో, అక్కడి చెవి వినేటట్టు, తన నోటితో ఇతన్ని వరస పెట్టి పిలవాలి. మీ మాట సరిపోదు. ఇరవయ్యో తారీఖుకి హైమకి తొమ్మిదో నెల పడుతుంది. ఆలోపు పిలుపు పలకకి ఎక్కకపోతే మీకు రెండే దార్లు. ఆ రోజున వాపసు తీసుకోవాలి, లేకపోతే హైమ ఓడెక్కాలి. ఇంక గడువు లేదు."

వస్తూ వస్తూ భూలక్ష్మి అంది, "పిన్ని పిలుస్తుందా అమ్మా? నిన్ను చూసి ఎన్నేళ్ళయింది ఆవిడ?"

తొమ్మిదేళ్ళు. ఆ చివరిసారి మేకపిల్ల కోసం మనం పోట్లాడుకున్నాం కూడా.

తీగ మీద కబురుకి ఇంటికి నెలకి పది మాటలే కదా. ఒక పూట ఆలోచించి పంపాను. "తమ్ముడు దొరికాడు. నీకూ తోడబుట్టినవాడే. రేవులో పిలవాలి. పిలుస్తావా? నాంచారి." దాలయ్యకి చదివి వినిపించాను. "ఎరగని నన్ను ఆవిడెందుకు పిలవాల?" అన్నాడు. నేనెందుకు పిలిచానో నాకే తెలియదు.

నవంబరు 12, గురువారం

నిన్న జవాబు లేదు. నిన్నంతా ఏమీ రాయలేదు, రాస్తే చెడు రాస్తానని. నీకు ఒంట్లో బాగాలేదేమో, తీగ తెగిందేమో, మరిదిగారు వద్దన్నారేమో, మేకపిల్ల సంగతి ఇంకా మనసులో ఉందేమో. భూలక్ష్మి హైమ బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. నన్ను చూసి ఆపింది, నేను పక్కకెళ్ళగానే మళ్ళీ కట్టింది.

ఇవాళ పొద్దున ప్రభుదాసు కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నీ జవాబు ఇది, నా దగ్గరే ఉంది, ముప్ఫై సార్లు చదువుకున్నాను:

"మొహం చూడందే మాటివ్వను. పద్దెనిమిదిన అతన్ని తీసుకురా. చూశాక చెబుతా. పస్తుండకు అక్కా."

అన్నీ కలిపి పది. భూలక్ష్మి వేళ్ళ మీద లెక్కపెట్టి, "పదో మాట దండగ చేసింది పిన్ని," అంది. హైమ దాని మొహం చూసి, "దండగ కాదమ్మా," అంది. తొమ్మిదేళ్ళుగా పుస్తకాల్లో నువ్వు నన్ను "నాంచారమ్మకి" అనే రాస్తున్నావు తాయారూ. నేనూ నిన్ను పేరు పెట్టే రాస్తున్నాను. ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు.

నీకు తెలియాల్సినవి చెప్పేస్తాను, తర్వాత నన్ను అనవద్దు. పిలిస్తే ఆరు నెలలు అతను మీ ఇంట్లో ఉంటాడు. అతనేదైనా తప్పు చేస్తే నువ్వూ సభలో నిలబడాలి. వయసు తనకే సరిగ్గా తెలియదు, యాభై దాటినట్టుంది, కాబట్టి నీకు తమ్ముడే. పొగ తాగడు. అన్నం ఎక్కువ తింటాడు, ఆ సంగతి దాచను. చెయ్యి మంచిది, డ్రమ్ము కారితే చెప్పకుండానే వింటాడు. నవ్వితే పైపన్ను ఒకటి లేదు. నాకు తెలిసింది అంతే. పది రోజుల కిందట అతను నీళ్ళ మీద తేలే గోనె పట్టా.

పిలవకపోయినా నీ మీద నాకు కోపం ఉండదు. ఉంటుందేమో. ఉన్నా పైకి అనను. అక్కడే, మీ రేవులోనే తిరుగు పడవ ఎక్కి వచ్చేస్తాం. ఆ దారంతా అతని పక్కన ఎలా కూర్చుంటానో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.

ఈ పుస్తకం మధ్యాహ్నం పడవకి వేస్తున్నాను, శనివారానికి నీకు అందాలి. మేమిద్దరం వెనకే వస్తాం. నాకు వాంతులవుతాయి, నిమ్మకాయ ఒకటి ఉంచు. గాలి పెద్దగా ఉంటే ఆలస్యం అవుతుంది, మునిగిపోయామని అనుకోకు. నవంబరు పద్దెనిమిది, బుధవారం, పొద్దుటి పోటు మీద మీ రేవుకి వస్తాం.